సీఎన్‌సీ పనికి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఏమేం రాయించుకోవాలి?

కొత్తిల్లు_ఖమ్మం: పూజగది తలుపులకు టేకు మీద సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే చెక్కే మెషీన్) డిజైన్ చేయిద్దామనుకుంటున్నాం. షాపువాళ్లు సగం అడ్వాన్స్ అడుగుతున్నారు, చెక్క మెషీన్ ఎక్కాక మార్పులు లేవు, డబ్బు వాపసు లేదు అంటున్నారు. తాతగారి ఇంటి పాత దూలం కోయించిన టేకు మా దగ్గరుంది, అదే ఇస్తామంటే దానికి గ్యారెంటీ ఇవ్వలేమన్నారు. అన్నిచోట్లా ఇంతేనా అండీ?

రౌటర్_గుంటూరు: నాది ఇదే వ్యాపారం. మీ కొలతకు చేసిన తలుపు ఇంకొకరికి పనికిరాదు కాబట్టి వాపసు ఎవరూ ఇవ్వరు. పాత దూలమంటే మాకూ భయమే. లోపల విరిగిన మేకు పైకి కనపడదు, నిమిషానికి 18,000 చుట్లు తిరిగే బిట్ (చెక్కను కోసే మొన) దానికి తగిలిందంటే బిట్ పోతుంది, ఒక్కోసారి చెక్కా చీలుతుంది. నేనైతే ముందు మెటల్ డిటెక్టర్ తిప్పి చూస్తా, అయినా బిట్ విరిగితే ఖర్చు ఎవరిదో బిల్లు మీదే రాస్తా. మీరూ అడిగి రాయించుకోండి.

గడప_విజయనగరం: కొలతలు ఎవరు తీశారన్నది తప్పకుండా రాయించండి. మేం ఫ్లోరింగ్ కాకముందే కొలతలు ఇచ్చేశాం. గ్రానైట్ వేశాక నేల ముప్పావు అంగుళం ఎక్కువే లేచింది, తలుపు పట్టలేదు, కింద కోయించాల్సి వచ్చింది. అడుగున వరసగా ఉన్న తామరపూలకు కింది రేకులు సగం పోయాయి, దీపం పెట్టినప్పుడల్లా కళ్లు అక్కడికే పోతాయి. షాపతను డ్రాయింగ్ మీద నా సంతకం చూపించాడు, తప్పు నాదే.

ఉలి_పట్టినవాడు: డ్రాయింగ్‌లో మూలలు చూశారా? బిట్ గుండ్రంగా ఉంటుంది కదా, 6 మి.మీ. బిట్‌తో జాలీ కోస్తే లోపలి మూల 3 మి.మీ. వంపు తిరుగుతుంది. సన్న బిట్ వాడితే టైమ్ ఎక్కువ పడుతుంది, రేటు పెరుగుతుంది. పదునైన మూలలే కావాలంటే ఉలితో చేత్తో తీయాలి, ఆ కూలి ఎవరిదో ముందే తేల్చుకోండి. సాండింగ్ కూడా అంతే, బిట్ గీతలు తీసి ఇస్తారా, కోసింది కోసినట్టే ఇస్తారా?

తేమ_వరంగల్: మా తలుపు వానాకాలంలో మెలిక పడింది. షాపులో అడిగితే చెక్క ఆరలేదని, కార్పెంటర్‌ను అడిగితే ఒకవైపే లోతుగా చెక్కారని. మధ్యలో మేం నలిగిపోయాం. తేమ మీటర్ రీడింగ్ 12 శాతం దగ్గర ఉంటేనే పని మొదలుపెట్టమనండి, మీటర్ ఫోటో తీసి పెట్టుకోండి.

కొత్తిల్లు_ఖమ్మం: అందరికీ చాలా థ్యాంక్స్. మా ఇంట్లోనూ ఫ్లోరింగ్ కాలేదు, ఇప్పుడే మేస్త్రీకి ఫోన్ చేశా, ఇంకో రెండు వారాలు పడుతుందట. అడ్వాన్స్ అప్పుడే ఇస్తాం. ఈలోపు దూలం ముక్క ఒకటి పట్టుకెళ్లి తామరపువ్వు ఒక్కటి శాంపిల్ చేయిస్తా. గుంటూరు అన్నా, శాంపిల్‌కు మీరు విడిగా తీసుకుంటారా, బిల్లులో కలుపుతారా?

రౌటర్_గుంటూరు: విడిగానే తీసుకుంటా, ఆర్డర్ ఖాయమైతే బిల్లులో తగ్గిస్తా.