పాత వెర్షన్ ఎక్కిస్తే అది ‘నవీకరణ’ ఎలా అవుతుంది?

నిన్న మా నాన్నగారి ల్యాప్‌టాప్‌లో డ్రైవర్లు (లోపలి పరికరాల్ని పనిచేయించే చిన్న ప్రోగ్రాములు) వెతికిపెట్టే ఉచిత టూల్ ఒకటి నడిపాను. వైఫై డ్రైవరు పక్కన ఎర్రగా ‘పాతబడింది, నవీకరించండి’ అని చూపించింది. సిస్టంలో ఉన్నది 22.190, అది ఎక్కిస్తానన్నది 22.40. సరేలే, దానికే తెలుసనుకుని నొక్కాను. వైఫై కాస్తా పోయింది. డివైస్ మేనేజర్‌లోకి వెళ్ళి ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కితే గానీ ఇంట్లో శాంతి లేదు.

నా సందేహం మాట గురించి. ఇలా వెనక్కి లాక్కెళ్ళే పనిని ‘నవీకరణ’ అనొచ్చా? ‘తాజాకరణ’ అన్నా ఇబ్బంది అదే కదా?

జవాబు:
మాటలో తప్పేం లేదండీ. ‘నవ’కీ ‘కరణ’కీ మధ్య ఆ ఈకారం ఊరికే రాలేదు, సంస్కృత వ్యాకరణంలోని చ్వి ప్రత్యయం వల్ల వచ్చింది. దాని అర్థం అభూత తద్భావం, అంటే అంతవరకూ అలా లేనిది అలా అవడం. శుద్ధం కానిదాన్ని శుద్ధం చేస్తే శుద్ధీకరణ, సరళం కానిదాన్ని సరళం చేస్తే సరళీకరణ. మీ దగ్గరున్నది అప్పటికే నవం, దాన్ని మళ్ళీ నవీకరించేదేముంది? మీ టూల్ జీర్ణోద్ధరణ అని బోర్డు పెట్టి జీర్ణీకరణ చేసింది.

జవాబు:
అన్నా, రోజూ సిస్టములు రిపేరు చేసేవాణ్ణి, చెప్తా విను. 22.190లో చుక్కని దశాంశ బిందువు అనుకుంటే 22.40యే పెద్దది. కానీ అది దశాంశం కాదు, అంకెల్ని విడగొట్టే గుర్తు. నలభై కంటే నూట తొంభై పెద్ద, అంతే. మీ టూల్ ఇక్కడే తడబడి ఉండొచ్చు.

ఇంకో తిరకాసు తేదీ. ఇంటెల్ చిప్‌సెట్ డ్రైవర్లు చాలావాటి మీద 1968 జూలై 18 అని ఉంటుంది. ఆ రోజున విండోస్ ఎక్కడుంది? అది ఇంటెల్ కంపెనీ పుట్టినరోజు! విండోస్‌తో పాటు వచ్చే మైక్రోసాఫ్ట్ డ్రైవర్ల మీదేమో 2006 జూన్ 21. కావాలనే వేశారు. పరికరానికి సమానంగా సరిపోయే డ్రైవర్లు రెండుంటే విండోస్ ముందు తేదీ చూస్తుంది, తేదీలూ ఒకటే అయితేనే వెర్షన్ నంబరు చూస్తుంది. అందుకని తయారీదారు ఇచ్చిన డ్రైవరును తమది తోసెయ్యకుండా తమదానికి పాత తేదీ వేసుకున్నారు. పెద్దమనిషి తరహా. తేదీ చూసి వయసు లెక్కగట్టే టూలుకి మాత్రం ఇవన్నీ ముసలివే.

జవాబు:
‘అప్‌డేట్’కి ‘అద్యతనం’ అనే మాట కూడా ఉంది, నేటిది అని. మీకు జరిగింది అనద్యతనం. సంస్కృతం చదివినవాళ్ళకి లఙ్ లకారం గుర్తొస్తుంది, నేటిది కాని భూతకాలం!

మొదట అడిగినవాణ్ణి:
దీన్ని ‘పాత చింతకాయ పచ్చడి’ అని తేల్చేద్దామనుకున్నా. మా అమ్మ ఒప్పుకోలేదు. జ్వరం తగ్గి లేచినవాళ్ళకీ, బాలింతలకీ పథ్యంలో పెట్టేది పాత పచ్చడేగా, దాన్నెందుకు తిడతావంది. ఆలోచిస్తే నిజమే. ల్యాప్‌టాప్ కంపెనీ ఆ మోడల్ మీద పరీక్షించి తన సైట్లో పెట్టిన డ్రైవరూ ఒక్కోసారి పాతదే, అయినా దాని ఒంటికి పడుతుంది. నాకు దొరికింది అలాంటి పాత కాదు, వేరే ఇంటి పచ్చడి.

కాబట్టి మాస్టారూ, నా ఓటు మీ ‘జీర్ణీకరణ’కే. బటన్ మీద పడుతుందంటారా?

జవాబు:
పడుతుందండీ. నొక్కేవాళ్ళే ఉండరు.