ఐఈఎల్‌టీఎస్‌లో 7 వచ్చింది, డిసర్టేషన్ మాత్రం సాగడం లేదు

ప్రశ్న (మాంచెస్టర్): అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ప్రజారోగ్యంలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో 7 వచ్చింది. డిసర్టేషన్‌లో (చివర రాసే పరిశోధన వ్యాసంలో) సాహిత్య సమీక్ష, అంటే ఇంతకుముందు వచ్చిన పరిశోధనలను చర్చించే అధ్యాయం పంపిస్తే సూపర్‌వైజర్ "వర్ణన ఎక్కువ, విశ్లేషణ తక్కువ" అని రాసి తిప్పి పంపారు. ఇంగ్లీషు మెరుగుపడాలంటే ఏ కోర్సులో చేరాలి?

జవాబు (లీడ్స్): తమ్ముడూ, చిన్నవాడివనుకుని నువ్వు అంటున్నాను. కోర్సు సంగతి పక్కన పెట్టు. మీ సూపర్‌వైజర్ నీ ఇంగ్లీషును తప్పుపట్టలేదు. ఐఈఎల్‌టీఎస్‌లో 40 నిమిషాల్లో 250 పదాల వ్యాసం రాస్తాం, ఎవరినీ ఉటంకించే పని లేదు. ఇక్కడ అడిగేది వేరు: ఇంతమంది చెప్పిన తర్వాత నువ్వేమంటావు?

నీ అధ్యాయంలో ప్రతి పేరా ఎవరో పరిశోధకుడి పేరుతో మొదలవుతోందేమో చూసుకో. "ఫలానావారు మధుమేహం గురించి ఇలా అన్నారు, మరొకరు అలా అన్నారు" అని పేర్చుకుంటూ పోతే అది జాబితా. దానికి బదులు మొదటి వాక్యంలోనే నీ మాట పెట్టు: "వలస కుటుంబాల ఆహారంపై వచ్చిన అధ్యయనాలు ఏం తింటారో అడిగాయి, ఇంట్లో వంట ఎవరు నిర్ణయిస్తారో అడగలేదు." ఆ తర్వాత వాళ్లందరినీ సాక్షులుగా పిలువు. పెద్దలందరినీ తలచుకున్నాకే మన మాట చెప్పాలనే మర్యాద మనకు అలవాటు. పరీక్షకులకు అంత ఓపిక ఉండదు.

పీఠికకు, అకడమిక్ రచనపై పరిశోధించిన భాషావేత్త జాన్ స్వేల్స్ చెప్పిన మూడు మెట్లు వాడుకో: ఈ రంగం ఎందుకు ముఖ్యం, ఇందులో ఎక్కడ ఖాళీ ఉంది, ఆ ఖాళీని నా పని ఎలా పూరిస్తుంది. రెండో మెట్టు దగ్గరే చాలామంది మొహమాటపడతారు. ఖాళీ చూపించడం అంటే ఎవరినీ తిట్టడం కాదు.

వాక్యాలకు తడుముకుంటుంటే మాంచెస్టర్ యూనివర్సిటీదే అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ అనే వెబ్‌సైట్ ఉంది, ఉచితం. ఇతరుల పనిని విమర్శించడానికి, ఫలితాలను ఆచితూచి చెప్పడానికి వాక్యాల చట్రాలు వేరువేరుగా ఇచ్చారు. ఇరవైమందిని ఇంటర్వ్యూ చేసి "నిరూపించాను" అనకు, "సూచిస్తోంది" చాలు.

జవాబు (బర్మింగ్‌హామ్): అక్క చెప్పింది నిజమే గానీ, ఇంగ్లీషు సంగతి అసలు పట్టించుకోవద్దంటే ఒప్పుకోను. వాక్యం ఐదు వరసలు సాగితే ఎంత మంచి వాదనైనా మునిగిపోతుంది. గట్టిగా చదువు, ఊపిరి అందని చోట విరగ్గొట్టు. కొన్ని యూనివర్సిటీల్లో రాయల్ లిటరరీ ఫండ్ అనే రచయితల సహాయ సంస్థ తరఫున వృత్తి రచయితలు కూర్చుంటారు. ఉచితంగా, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. తప్పులు దిద్దిపెట్టరు, ఎలా రాయాలో చూపిస్తారు. మీ దగ్గర ఉన్నారేమో అడుగు, లేకపోతే లైబ్రరీ వాళ్ల రైటింగ్ సహాయం ఉంటుంది. డబ్బిచ్చి ప్రూఫ్‌రీడింగ్ చేయించుకునే ముందు మాత్రం మీ విభాగం నియమాలు చదువు. ఏఐ వాడకానికీ అంతే.

ప్రశ్న (మాంచెస్టర్): ధన్యవాదాలు అక్కా, అన్నా. కాపీని పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌కు భయపడి పర్యాయపదాల నిఘంటువు పెట్టుకుని మాటలన్నీ మారుస్తున్నాను. ఒక పేరా ఇక్కడ పెడితే చూస్తారా?

జవాబు (లీడ్స్): మాటలు మార్చి వాక్యం అలాగే ఉంచితే అదీ కాపీయే. మూలం మూసేసి, గుర్తున్నది రాసి, ఆధారం చూపించు. టర్నిటిన్ శాతం తీర్పు కాదు, నీ ఉటంకింపులు, గ్రంథసూచి కూడా అందులో కలవొచ్చు. పేరా మాత్రం ఇక్కడ పెట్టకు, రేపు నీ డిసర్టేషన్ ఈ పేజీతోనే సరిపోలిందని చూపిస్తుంది. నాకు విడిగా పంపు, ఆదివారం చూస్తాను.