‘అశ్రద్ధయా’ తర్వాత ‘అ’ ఉందా, లేదా?

పదాన్వేషి:
విశ్వాసం అనే భావనను మతం, తత్త్వశాస్త్రం, విద్య, సమాజం అన్న నాలుగు వైపుల నుంచి చూసే ఒక పాఠ్యవ్యాసాన్ని తెలుగులో రాస్తున్నాను. దానికి తలకట్టుగా ఉపనిషత్తులోని ఒక వాక్యం పెట్టాలనుకున్నాను గానీ, చిన్నప్పుడు విన్నది సగమే గుర్తుంది. ‘శ్రద్ధయా దేయమ్’ (శ్రద్ధతో ఇవ్వాలి) తర్వాత వచ్చేది ‘అశ్రద్ధయా దేయమ్’ (శ్రద్ధ లేకపోయినా ఇవ్వాలి) అనా, ‘అశ్రద్ధయా అదేయమ్’ (శ్రద్ధ లేకుండా ఇవ్వకూడదు) అనా? ఆ శ్రద్ధను నమ్మకం అనాలో, విశ్వాసం అనాలో కూడా దయచేసి చెప్పండి.

భాష్యప్రియ:
తైత్తిరీయోపనిషత్తు, శిక్షావల్లి అనే అధ్యాయం, పదకొండవ అనువాకం (విభాగం). చదువు ముగించుకొని వెళ్తున్న శిష్యుడికి ఆచార్యుడు చెప్పే మాటలవి. శంకరులు ‘అశ్రద్ధయా అదేయం, న దాతవ్యమ్’ అని స్పష్టంగా విడదీశారు కనుక ‘అ’ ఉన్నట్టే. గీత పదిహేడవ అధ్యాయం చివరి శ్లోకం కూడా అశ్రద్ధతో హోమం చేసినా, దానం ఇచ్చినా, తపస్సు చేసినా అది ‘అసత్’ అనే అంటుంది. ఇక సందేహమెందుకు?

ఆకుపచ్చ సిరా:
సందేహం ఎందుకంటే సవర్ణదీర్ఘ సంధిలో ఆ ‘అ’ కరిగిపోయింది. ‘శ్రద్ధయా’లోని దీర్ఘం తర్వాత ‘అదేయమ్’ వచ్చినా ‘దేయమ్’ వచ్చినా చెవికి వినిపించేది ఒక్కటే. ముద్రిత ప్రతుల్లో కనిపించే అవగ్రహం (ఽ), అంటే కరిగిన ‘అ’ను చూపే గుర్తు, రాసేవారు పెట్టినది, పలికేది కాదు. పైగా వరుస చూడండి: శ్రియా దేయమ్, హ్రియా దేయమ్, భియా దేయమ్, సంవిదా దేయమ్. సిగ్గుతోనైనా ఇవ్వు, భయంతోనైనా ఇవ్వు అని చెప్పిన నోరు, శ్రద్ధ లేకపోతే మాత్రం ఇవ్వకు అంటుందా? భయంతో ఇచ్చే చేతిలో శ్రద్ధ ఎంత ఉంటుందో ఆలోచించండి. శ్రద్ధ లేకపోయినా ఇవ్వు అనే అర్థాన్ని సమర్థించేవారు అందుకే ఉన్నారు. నా ఓటు వారికే.

భాష్యప్రియ:
వరుసను బట్టి అర్థం చెప్పడం మంచిదే, కానీ ఆ హ్రీ, ఆ భీ శ్రద్ధకు విరోధులు కావు. తక్కువ ఇస్తున్నానేమో అన్న సిగ్గు, తప్పు జరుగుతుందేమో అన్న భయం శ్రద్ధ ఉన్నవాడికే కలుగుతాయి. శ్రద్ధతో చేసేది కనుకనే శ్రాద్ధానికి ఆ పేరు వచ్చింది. మాటలోనే ఉన్న దాన్ని కాదనడం కష్టం.

తాత్పర్యం:
మీరిద్దరూ శ్రద్ధను నమ్మకం అనుకునే వాదిస్తున్నారు. అసలు చిక్కు అక్కడుంది. శ్రద్ధలోని శ్రత్ అనే మాటను వేదపదాల పట్టిక అయిన ‘నిఘంటువు’ సత్యానికి పర్యాయంగా చెప్పింది. భాషాశాస్త్రజ్ఞులు దాన్ని లాటిన్ ‘క్రేదో’ (నమ్ముతున్నాను)తో కలిపి, హృదయాన్ని ఒకచోట ఉంచడం అనే అర్థానికి తీసుకెళ్తారు. అంటే అది ‘ఇది నిజం’ అని తల ఊపడం కాదు, గుండెను తీసుకెళ్లి ఒకచోట పెట్టడం. కఠోపనిషత్తులో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. నీళ్లు తాగడం, గడ్డి మేయడం, పాలివ్వడం అన్నీ అయిపోయిన ఆవులను తండ్రి దానమిస్తుంటే కుర్రవాడైన నచికేతుడిలో శ్రద్ధ ప్రవేశించింది. ప్రవేశించగానే అతడు చేసిన పని తండ్రిని ప్రశ్నించడం! ప్రశ్నకు తలుపు తీసే శ్రద్ధను, ప్రశ్నను మూసేసే నమ్మకంతో ఎలా అనువదిస్తాం? తెలుగులో అది ‘శ్రద్ధగా విను’ అన్న చోట ఏకాగ్రతగా మిగిలింది. బడిలో ఆ మాట పలికే ఉపాధ్యాయుడు నన్ను నమ్ము అనడం లేదు, మనసు ఇక్కడ పెట్టు అంటున్నాడు. ధాతువు చెప్పేదీ అదే.

పదాన్వేషి:
అయితే నమ్మకం అనే మాటనే వదిలేయాలా? విశ్వాసం అంటే క్రైస్తవులకు ఒక అర్థం, ‘అవిశ్వాస తీర్మానం’లో ఇంకొకటి, పెంపుడు కుక్క విషయంలో మరొకటి.

ఆకుపచ్చ సిరా:
నమ్మకాన్ని వదలకండి. ‘నమ్ము’ తమిళ, కన్నడాల్లోనూ ఉన్న ద్రావిడ ధాతువు. ‘భూమిని నమ్ముకొని బతుకుతున్నారు’ అన్నప్పుడు ఆ ‘కొను’ ఎంత పని చేస్తుందో చూడండి: భూమి ఉందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు, దాని మీద బతుకు మోపారన్నదే మాట. దక్షిణ సూడాన్‌లోని న్యూయెర్ భాషలో ‘నేను నమ్ముతాను’ అన్న అర్థానికి సరిపోయే మాట లేదని మానవశాస్త్రజ్ఞుడు ఇవాన్స్ ప్రిచర్డ్ 1956లో రాశాడు. ఆ మాటనే పట్టుకొని మరో మానవశాస్త్రజ్ఞుడు రాడ్నీ నీడమ్ 1972లో, నమ్మకం మనుషులందరికీ సహజమైన మానసిక స్థితేనా అని ఒక పుస్తకమే రాశాడు. మీ వ్యాసానికి ఇది తప్పకుండా పనికొస్తుంది.

మందార మకరందం:
ఇంత దూరం ఎందుకు? పోతన ఉన్నాడు కదా! ‘కలఁడందురు దీనులయెడ’ పద్యంలో మూడు పాదాలూ ‘అందురు’ మీదే నిలిచాయి. నమ్ముదురు అనలేదు, అందురు అన్నాడు. ఇతరులు చెప్పగా విన్నది, నైయాయికుల (న్యాయదర్శనం వారి) భాషలో ‘శబ్దం’, అంటే నమ్మదగినవారి మాట వల్ల కలిగే జ్ఞానం. నాలుగో పాదంలో మొసలికి చిక్కిన ఏనుగు గజేంద్రుడు ‘కలఁడో లేఁడో’ అంది; ఆ వెంటనే వచ్చే సీసంలో ‘సందేహింప’ అన్న మాటే ఎదురవుతుంది. ఆ తర్వాత ‘రావే యీశ్వర’ అని పిలిచింది. ఉన్నాడని తేల్చుకొని పిలిచిందా? తేలకముందే పిలిచింది. ఆకుపచ్చ సిరా గారు చెప్పే ‘అశ్రద్ధయా దేయమ్’ నాకు ఇక్కడ కనిపిస్తోంది.

భాష్యప్రియ:
పోతనను నా మీదికి తేకండి, ఆయన నావాడు కూడా! సందేహపడింది బుద్ధి, పిలిచింది గుండె. తాత్పర్యం గారి నిర్వచనం ప్రకారం అదే శ్రద్ధ. కనుక ఆ పద్యం ‘అదేయమ్’ పక్షానికే సాక్ష్యం.

తాత్పర్యం:
నా నిర్వచనాన్ని అంత సులువుగా మీ పక్షంలో కలపకండి. అదే అనువాకంలో, ఈ వాక్యానికి కాస్త ముందే, ఆచార్యుడు తమలోని మంచి నడవడినే అనుసరించమనీ, ‘నో ఇతరాణి’, తక్కినవి వద్దనీ అంటాడు. తనను కూడా వడగట్టి తీసుకోమని శిష్యుడికి చెప్పే గురువు ఆయన. అలాంటివాడు శ్రద్ధ అన్నప్పుడు దాన్ని ‘విశ్వాసం’ అని అనువదిస్తే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది.

పదాన్వేషి:
శ్రద్ధను శ్రద్ధగానే ఉంచుతాను. అవగ్రహం పెట్టీ పెట్టకుండా రెండు పాఠాలూ ఇస్తాను.

ఆకుపచ్చ సిరా:
ఇవ్వండి, కానీ ‘సంవిదా’ను ఏమని అనువదిస్తారు? శంకరులు మైత్రి వైపు తిప్పారు. తెలిసి ఇవ్వడం అని నేనంటాను. అది తెలివే అయితే, పై ఐదు వాక్యాలనూ మళ్లీ మొదటి నుంచి చదవాలి.