కెమెరా ముట్టని సరోనీని ఫోటోగ్రాఫర్ అనొచ్చా?

చీకటిగది
ఫోటోగ్రఫీ చరిత్ర గురించి ఎక్కడ మాట్లాడుకున్నా నెపోలియన్ సరోనీని "తొలి సెలబ్రిటీ ఫోటోగ్రాఫర్లలో ఒకడు" అని ఆకాశానికెత్తుతారు. నాకు ఒక్కటే సందేహం, కానీ గట్టి సందేహం. ఆయన పేరు విననివాళ్ళ కోసం ముందు కాస్త చెప్తాను. 1821లో క్యూబెక్‌లో పుట్టాడు. న్యూయార్క్ వచ్చి లితో రాయి మీద, అంటే బొమ్మ గీసి దాన్నుంచి కాగితం మీద అచ్చు తీసే రాయి మీద, బొమ్మలు గీసే పనిలో చేయి తిరిగాక, 1846లో మేజర్ అనే ఆయనతో కలిసి సొంత లితో కంపెనీ పెట్టాడు. తర్వాత ఇంగ్లండ్ వెళ్ళి బర్మింగ్‌హామ్‌లో ఫోటో స్టూడియో నడిపాడు. 1866లో తిరిగొచ్చి బ్రాడ్‌వేలో ఒకటి తెరిచి, 1871లో యూనియన్ స్క్వేర్‌కి మారాడు. నాటకాల వాళ్ళెవరైనా ఆయన దగ్గర ఫోటో దిగాల్సిందే అన్నంత పేరు.

ఇంతా చేసి కెమెరా పని చూసింది బెంజమిన్ రిచర్డ్‌సన్ అనే మనిషి. ప్లేటు ఎక్కించడం, ఫోకస్ సరిచూడడం, ఎక్స్‌పోజర్ ఇవ్వడం ఆయన వంతు. ఫోటో అంటించిన కార్డు కింద మాత్రం "సరోనీ" అని వంకీలు తిరిగిన సంతకం. తియ్యనివాడు ఫోటోగ్రాఫర్ ఎలా అయ్యాడో చెప్పండి.

గీతలపంతులు
చీకటిగది గారూ, మీరు ప్రశ్న అడిగిన తీరులోనే పేచీ ఉంది. ఫోటో అంటే మీటనొక్కడం ఒక్కటే అన్నట్టు రాశారు. 1882లో న్యూయార్క్ వచ్చిన ఐరిష్ రచయిత ఆస్కార్ వైల్డ్‌ని సరోనీ తీసిన బొమ్మ ఒకసారి చూడండి, ఆ వరసలో 18వ నంబరుది. మఖ్మల్ కోటు, మోకాళ్ళ దాకా లాగు, పట్టు మేజోళ్ళు, ఒక చేతిలో పుస్తకం, ఇంకో చెయ్యి చెంపకి. మనిషి ముందుకు వంగి కూర్చున్నాడు, చూపు సూటిగా మన మీదే ఉంది. ఆ వంపు, ఆ చెయ్యి, వెనక తివాచీ, వెలుగు ఎటు పడాలన్నది, ఇవన్నీ ఎవరి ఆలోచన? ఏళ్ళ తరబడి రాయి మీద మనుషుల్ని గీసినవాడి ఆలోచన. ఆయన ఎదురుగా నిలబడి హావభావాలు తానే నటించి చూపించేవాడట, కూర్చున్నవాళ్ళ ముఖంలో కళ తెప్పించడానికి. నేను పత్రికలకి బొమ్మలు వేసి బతికినవాణ్ణి. కాగితం మీద ఎవరు ఎటు తిరగాలి అన్నది తేలిపోతే ముప్పాతిక పని అయిపోయినట్టే. మిగతాది చేతిపని.

చీకటిగది
చేతిపని! ఆ మాట కోసమే చూస్తున్నాను.

కిట్టు_కాకినాడ
సినిమాకి డైరెక్టర్ పేరు వేస్తారు, కెమెరామన్ పేరూ వేస్తారు. ఇక్కడ రెండోది లేదు. అంతే కదా?

పాతస్టూడియో
నాది రాజమండ్రిలో నాన్నగారి కాలం నుంచీ ఉన్న స్టూడియో. కిట్టు గారు తేలిగ్గా తేల్చేశారు గానీ ఇందులో డబ్బు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. సరోనీ పెద్ద పెద్ద నటీమణులకి ఎదురు డబ్బిచ్చి ఫోటోలు దింపుకున్నాడు. సారా బెర్నార్డ్‌కి 1500 డాలర్లు, లిల్లీ లాంగ్‌ట్రీకి 5000 డాలర్లు ఇచ్చాడని చెప్పుకుంటారు. ఆ రోజుల్లో అది ఎంత సొమ్మో ఊహించుకోండి. క్యాబినెట్ కార్డులు, అంటే మందపాటి అట్ట మీద అంటించి అమ్మే ఫోటోలు, అచ్చేసి, జనం కొంటే తప్ప ఆ డబ్బు వెనక్కి రాదు. కార్డులు అమ్ముడుపోకపోతే మునిగేది రిచర్డ్‌సనా, సరోనీనా? నష్టం ఎవరిదో పేరు వాళ్ళదే.

అక్షరం
అసలు కీలకం ఎవరూ పట్టుకోవడం లేదు. ఆ వైల్డ్ బొమ్మనే బరో-జైల్స్ అనే లితో కంపెనీ 85,000 కాపీలు కొట్టింది. సరోనీ కేసు వేశాడు. ఫోటో మీద ఉన్నది "ఎన్. సరోనీ, 1882" అన్న ముద్ర. పూర్తి పేరు లేదు కాబట్టి హక్కు లేదని కంపెనీ వాదించింది. పొడి అక్షరమూ ఇంటిపేరూ ఉంటే చాలని అమెరికా సుప్రీం కోర్టు 1884 మార్చిలో చెప్పింది. అంటే ముద్ర వెయ్యబట్టే గెలిచాడు. మన వాళ్ళు వాటర్‌మార్క్ లేకుండా ఫోటోలు పెట్టి తర్వాత ఏడుస్తారు.

గీతలపంతులు
అక్షరం గారూ, ముద్ర ఆ కేసులో చిన్న ముక్క. పెద్ద ముక్క ఏమిటంటే, ఫోటోకి రచయిత, అంటే దాన్ని సృష్టించినవాడు, ఉంటాడా అన్నది. యంత్రం తీసినదానికి రచయిత ఎవరుంటారు, ఎదురుగా ఉన్నదాన్ని నకలు దింపడమే కదా అని కంపెనీ వాదన. వైల్డ్‌ని భంగిమలో కూర్చోబెట్టడం, దుస్తులు, తెరలు ఎంచుకోవడం, వెలుగునీడలు సర్దడం, ముఖంలో కావలసిన భావం రప్పించడం సరోనీ చేశాడు కాబట్టి ఈ ఫోటో ఆయన బుర్రలోంచి పుట్టిందేనని కోర్టు తేల్చింది. జస్టిస్ మిల్లర్ రాసిన తీర్పు, ఏకగ్రీవం. కింది కోర్టు వేసిన 610 డాలర్లు ఖాయమయ్యాయి. ఈ తీర్పు వల్లే మన చిత్రకారుల సరసన ఫోటోవాళ్ళకి చోటు దొరికింది. సరోనీని తక్కువ చేస్తే మీ కాళ్ళ కింద నేల మీరే తవ్వుకున్నట్టు.

అక్షరం
ముద్ర లేకపోతే ఆ పెద్ద ముక్క దాకా కేసు వెళ్ళేదే కాదు.

చీకటిగది
పంతులు గారూ, ఆ తీర్పు నేనూ చదివాను. అందులో రిచర్డ్‌సన్ పేరు ఎక్కడుంది? లేదు. భంగిమ ఉంది, తెర ఉంది, మేజోళ్ళున్నాయి. ప్లేటు పట్టుకున్న మనిషి లేడు. సరోనీ స్టూడియో మొదలెట్టిన రోజుల్లో తడి ప్లేటు పని అంటే ఏమిటో ఇక్కడ ఎంతమందికి తెలుసు? గాజు పలక మీద కొలోడియన్ అనే జిగట ద్రవం ఒక మూల నుంచి పోసి, నాలుగు మూలలకీ సమంగా పారేలా వంచాలి. సిల్వర్ నైట్రేట్‌లో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, ఎక్స్‌పోజ్ చేసి, వెంటనే చీకటిగదికి పరిగెత్తి డెవలప్ చెయ్యాలి. ఒక్క చోట ఎండితే మచ్చ. వేళ్ళు నల్లబడితే వారాల తరబడి పోదు. ఇది చేతిపనా?

దివాణం
చీకటిగది గారి మాటకి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. రాజా దీన్ దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. 1892లో హైదరాబాద్‌లో జెనానా స్టూడియో తెరిచారు, పరదా పాటించే స్త్రీల కోసం. మగవాళ్ళకి ప్రవేశమే లేదు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ. ఆ గదిలో దీన్ దయాళ్ గారు భంగిమ కూడా చెప్పి ఉండరు, ఎందుకంటే అడుగే పెట్టలేరు. అయినా ఈ రోజు ఆమె పేరు ఎంతమందికి తెలుసు? హైదరాబాద్ ఫోటోల పుస్తకాలు తిరగేసే నాలాంటి వాళ్ళకి తప్ప.

పాతస్టూడియో
అమ్మా, ఆ స్టూడియోకి చోటు, సామాను, నిజాం గారి నమ్మకం సంపాదించిందెవరు? ఆమె ఒక్కర్తీ వచ్చి బోర్డు పెట్టుకుంటే నవాబుల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చేవారా?

దివాణం
దీన్ దయాళ్ గారు లేకుండా స్టూడియో లేదు, ఒప్పుకుంటాను. ఆమె లేకుండా ఆ ఫోటోలు లేవు. నేనడిగేది రెండు పేర్లూ ఎందుకు నిలవలేదని.

సెకండ్‌షూటర్
నేను కరీంనగర్ల పెళ్ళిళ్ళకు సెకండ్ కెమెరా జేస్త. తలంబ్రాల టైముల మెయిన్ కెమెరా అన్న స్టేజీ మీద ఉంటడు, పెండ్లిపిల్ల తండ్రి కండ్లు తుడుసుకున్న ఫోటో నేను తీసిన. గా ఫోటో స్టూడియో పేజీల పెట్టిన్రు, వేలల్ల లైకులు. నా పేరు లేదు. అడిగితే "నీకు రోజు కూలి ఇచ్చినం కదా" అన్నరు.

పాతస్టూడియో
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. నా బాధ కూడా విను. ఇద్దరు కుర్రాళ్ళకి లైటింగ్ నేర్పాను, టచప్ నేర్పాను, ఇంట్లో భోజనం పెట్టాను. ఒకడు మా వీధి చివరే షాపు తెరిచాడు, సంతోషమే. కానీ వెళ్తూ వెళ్తూ హార్డ్‌డిస్కులు కాపీ కొట్టుకుని, మా ఫ్యామిలీలకి ఫోన్లు చేసి "పోయినసారి మీ ఫోటోలు తీసింది నేనే" అన్నాడు. నాన్నగారి కాలం నుంచి వస్తున్న ఇళ్ళు వరసగా పోయాయి. పేరు వెయ్యండి అంటారు, వేస్తే ఇదే జరుగుతుంది.

చీకటిగది
అదీ సంగతి. ఇప్పటిదాకా నష్టం, పెట్టుబడి అని చెప్పి, ఇప్పుడు అసలు భయం బయటపెట్టారు. కళ సంగతి కాదు, కస్టమర్ జారిపోతాడని. నేను ఒక పెద్ద స్టూడియోలో డార్క్‌రూంలో పనిచేసినవాణ్ణి. ఒక గుడి రథోత్సవం ఫోటో తీసి, నెగటివ్ మీద సన్న బ్రష్‌తో గంటల తరబడి కూర్చుని మచ్చలు పూడ్చి, పెద్దది చేసి ప్రింట్ తీశాను. ఓనరు ఆ రోజు ఊళ్ళో లేడు. పోటీకి ఆయన పేరుతో పంపారు, బహుమతి వచ్చింది, శాలువా కప్పారు. నేను ఆ సభకి కుర్చీలు వేశాను. నాకు సరోనీ మీద కోపం లేదు, పంతులు గారూ. సరోనీ పేరు చెప్పి మీరు కప్పుతున్న శాలువా మీద కోపం.

గీతలపంతులు
నేను ఎవరికీ శాలువా కప్పడం లేదు. నా బొమ్మని ఫ్లెక్సీ షాపు వాడు ట్రేస్ చేసి, రంగు మార్చి, "చేత్తో గీసింది మావాడే" అన్నాడు. మీ లెక్కన గీసినవాడే రచయిత కాబట్టి వాడిదే అవ్వాలి. ఊహించినవాడికి విలువ లేదంటే నేను ఎక్కడికి పోవాలి?

లాయర్_హన్మకొండ
ఇద్దరూ రెండు వేర్వేరు వాటి గురించి కొట్లాడుతున్నరు. సరోనీ తీర్పు వచ్చిన కాలంలోనే, 1883లో, ఇంగ్లండ్‌ల నాటేజ్ వర్సెస్ జాక్సన్ అని ఇంకో కేసు నడిచింది. ఆస్ట్రేలియా క్రికెట్ జట్టు గ్రూప్ ఫోటో. కంపెనీ ఓనర్లు మనిషిని పంపి తీయించి, రచయితలం మేమే అని రిజిస్టర్ చేసుకున్నరు. కోర్టు కాదన్నది. ఆటగాళ్ళని నిలబెట్టి ఫోటోని నిజంగా పుట్టించిన మనిషే రచయిత, ఆఫీసుల కూసున్నోళ్ళు కాదు అన్నది. మిల్లర్ గారు సరోనీ తీర్పులో ఈ కేసుని చెప్పిన్రు కూడా. సరోనీ గదిలో ఉన్నడు, చీకటిగది గారి ఓనరు ఊళ్ళనే లేడు. రెండూ ఒకటి కాదు.

మన 1957 కాపీరైట్ చట్టంల ఫోటో తీసిన వ్యక్తే రచయిత. జీతానికి పనిచేస్తే మొదటి హక్కుదారు యజమాని, 17వ సెక్షన్. డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్న వాళ్ళే. కానీ 57వ సెక్షన్ వేరు: హక్కు అమ్మేసినా "ఇది నాది" అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటది. సొమ్ము పాతస్టూడియో గారిది కావచ్చు. పేరు సెకండ్‌షూటర్ తమ్మునిది.

అక్షరం
అందుకే ముద్ర అన్నాను.

పాతస్టూడియో
చట్టం ఏం చెప్పినా, బోర్డు మీద పేరు నిలబెట్టేది నాలాంటివాడు. సరోనీ 1896లో పోయాక కూడా ఆ పేరుతో స్టూడియో నడిచింది. ముందు కొడుకు ఆటో, తర్వాత కొనుక్కున్నవాళ్ళు. జనం వచ్చింది ఆ పేరు చూసే.

చీకటిగది
మీరే చెప్పారు. పోయిన మనిషి పేరుతో తీసిన ఫోటోలకి కూడా "సరోనీ" అనే సంతకం. వాటికి పోజులు ఎవరు పెట్టారు? గదిలో ఆయన ఉన్నాడా? ఇప్పుడు చెప్పండి, అది రచయిత సంతకమా, దుకాణం బోర్డా.

గీతలపంతులు
1882 వైల్డ్ ఫోటో మీద రచయిత సంతకం. 1900 ఫోటో మీద దుకాణం బోర్డు. మీరు రెండోది చూపించి మొదటిదాన్ని కొట్టేస్తున్నారు, నేను ఒప్పుకోను.

సెకండ్‌షూటర్
పంతులు సారూ, పాత సంగతి మీరిద్దరు తేల్చుకోండి. మా ఏరియా ఫోటోగ్రాఫర్ల మీటింగుల నేను ఒక మాట పెడ్త. ఆల్బం ఆఖరి పేజీల కెమెరా ఎవరు, ఎడిటింగ్ ఎవరు, టచప్ ఎవరు, పేర్లు అచ్చేయాలె. ఫోన్ నంబర్లు వద్దు, పేర్లు మాత్రమే. పాతస్టూడియో సార్, మీ దగ్గర కూడా గిట్ల మొదలుపెడ్తరా?

పాతస్టూడియో
నంబర్లు లేకుండా పేర్లంటే ఆలోచిస్తాను. అయితే ఫోటోల కాపీలు కుర్రాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళకూడదని కూడా అదే కాగితం మీద రాయండి. అది రాయకపోతే నేను సంతకం పెట్టను.

చీకటిగది
రాయండి. దాని కిందే, ఓనరు ఊళ్ళో లేని రోజు తీసిన ఫోటో ఆయన పేరుతో పోటీకి పంపకూడదని కూడా రాయండి.