బ్యాడ్‌ల్యాండ్స్ ఫొటోగ్రఫీ వర్క్‌షాప్: జూనా, సెప్టెంబరా? కట్టేముందు ఏం అడగాలి?

లెన్సుపిచ్చి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సౌత్ డకోటాలోని బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులో నాలుగు రోజుల ల్యాండ్‌స్కేప్ వర్క్‌షాప్ ఒకటి చూశాను. ఇన్‌స్ట్రక్టరు ఒకరు, చేరేవాళ్ళు ఎనిమిది మంది. రెండు బ్యాచ్‌లున్నాయి: జూన్ మూడో వారం, సెప్టెంబరు నాలుగో వారం. డాలస్ నుంచి ర్యాపిడ్ సిటీకి ఫ్లైట్, అక్కణ్ణుంచి అద్దె కారు.

సోనీ ఏ7-4, 16-35 ఎఫ్/4, 24-105 ఎఫ్/4, ఒక కార్బన్ ట్రైపాడ్ ఉన్నాయి. ఏ బ్యాచ్ మేలు? డబ్బు కట్టేముందు వాళ్ళని ఏం అడగాలి? పాలపుంతకి ఈ 16-35 చాలుతుందా, 100-400 టెలీ లెన్సు కూడా మొయ్యాలా? ఓవర్‌లుక్‌లన్నీ (ఆగి లోయ చూసే చోట్లు) రోడ్డు పక్కనే ఉన్నాయంటున్నారు, అసలు గైడు అవసరమేనా? కుడి మోకాలు కాస్త ఇబ్బంది పెడుతుంది. శాకాహారిని.

రేగడిమట్టి

స్పాట్ల కోసమే అయితే వర్క్‌షాప్ దండగ. హైవే 240 పొడుగునా ఓవర్‌లుక్‌లే. ఉదయానికి డోర్ ట్రైల్, బిగ్ బ్యాడ్‌ల్యాండ్స్ ఓవర్‌లుక్. సాయంత్రానికి పినకిల్స్ వైపు. మబ్బు పట్టిన రోజు ఎల్లో మౌండ్స్. ఈ మాత్రం పార్కు మ్యాపు ముందేసుకుంటే తెలిసిపోతుంది. మధ్యాహ్నం మూడింటికి పడమట ఉరిమిందంటే ఇవాళ ఎటు పోవాలో, ఎటు అడుగు పెట్టకూడదో ఠక్కున తేల్చే మనిషి కోసం డబ్బు కట్టాలి. అక్కడ అంతా మట్టి చేతిలోనే ఉంటుంది మరి.

ఆ దిబ్బల్లో అగ్నిపర్వతాల బూడిద నుంచి పుట్టిన బెంటొనైట్ బంకమన్ను ఉంది. మన నల్లరేగడిని ఉబ్బించే ఖనిజమూ దీని జాతిదే. ఎండినప్పుడు పైపొర మరమరాలు పోసినట్టు గుల్లగా ఉంటుంది, వాలు మీద కాలేస్తే గోళీల మీద నడిచినట్టే. తడిస్తే సబ్బు. నాలుగు అంగలు వేసేసరికి ఒక్కో బూటుకి కిలో మట్టి అంటుకుంటుంది. టైరు గాళ్ళు పూడిపోతే ఫోర్ వీల్ డ్రైవ్ కూడా ఏమీ చెయ్యలేదు. భీమిలి ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్ళకి ఇవీ అలాంటివే అనిపిస్తాయి, కోతల ఆకారం అలాగే ఉంటుంది. కానీ అక్కడ ఇసుక, వాన ఇంకిపోతుంది. ఇక్కడ ఇంకదు.

చిక్కేంటంటే, రంగులు బాగా తేలేదీ వాన వెలిసిన మొదటి గంటలోనే. ఎండలో పాలిపోయినట్టుండే ఎర్ర చారలు తడిస్తే ముదురు ఇటుక రంగుకి వస్తాయి. అందుకే తారు రోడ్డు, చెక్క నడవ దాటకుండా తీయగల చోట్లు గైడు దగ్గర సిద్ధంగా ఉండాలి. డోర్ ట్రైల్ మొదటి పావు మైలు, ఫాసిల్ ఎగ్జిబిట్ ట్రైల్ అలాంటివి.

అడగాల్సినవి:

పార్కు సర్వీసు ఇచ్చే కమర్షియల్ యూజ్ ఆథరైజేషన్ ఉందా? డబ్బు తీసుకుని పార్కులో వర్క్‌షాప్ నడపాలంటే అది ఉండాలి. పక్కనున్న బఫెలో గ్యాప్ గ్రాస్‌ల్యాండ్ ఫారెస్ట్ సర్వీసుది, దాని అనుమతి వేరు. పార్కులోని సౌత్ యూనిట్‌కి తీసుకెళ్తామంటే ఇంకా నొక్కి అడగండి. అది పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో ఉంది, ఒగ్లాలా లకోటా వాళ్ళ నేల.

వాన పడితే ప్లాన్ ఏంటి? "వాతావరణాన్ని బట్టి చూద్దాం" అని ఊరుకుంటే నాకైతే నమ్మకం కుదరదు. ఏ రోడ్డు వదిలేస్తారో, బదులు ఎక్కడికి వెళ్తారో పేర్లతో చెప్పాలి.

కార్లు ఎవరివి? అద్దె కారు కాగితాల్లో మట్టి రోడ్ల మీద తిప్పకూడదని రాసి ఉండొచ్చు. సేజ్ క్రీక్ రిమ్ రోడ్డు కంకర రోడ్డే.

ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి శాటిలైట్ కమ్యూనికేటర్ ఎవరి దగ్గర ఉంటుంది? ఎనిమిది మందికి ఇన్‌స్ట్రక్టరు ఒక్కరే అంటే పగలు పరవాలేదు. చీకట్లో గట్టు అంచున ఎనిమిది మందిని ఒక్కరే కనిపెట్టుకోవడం కష్టం, రాత్రి సెషన్‌కి రెండో మనిషిని పెడతారేమో కనుక్కోండి.

మీ మోకాలి సంగతి: నాచ్ ట్రైల్ వద్దు. దుంగల నిచ్చెన ఎక్కాలి, ట్రైపాడ్ వీపున పెట్టుకుని దిగేటప్పుడు ఇంకా కష్టం. మిగతావి చాలావరకు చదునే.

చుక్కలలెక్క

బ్యాచ్ ఎంచుకునేముందు రాత్రి ఎంత పొడుగో చూసుకోండి.

జూన్ మూడో వారంలో అక్కడ సూర్యాస్తమయం దాదాపు 8:35. పూర్తి చీకటి పడేసరికి 11 కావస్తుంది. తెల్లవారుజామున 2:45కే తూర్పు తేలిపోవడం మొదలు, 5:05కి సూర్యోదయం. అంటే పాలపుంత తీసి గదికి చేరేసరికి ఒకటిన్నర, మళ్ళీ నాలుగింటికి లేవాలి. నాలుగు రోజులు ఇలా సాగితే మూడో రోజు జనం ఫోకస్ చూసుకోవడమే మర్చిపోతారు.

సెప్టెంబరు నాలుగో వారంలో సూర్యాస్తమయం, సూర్యోదయం రెండూ ఇంచుమించు 6:40. రాత్రి 8:20కి పూర్తి చీకటి. ఆ వేళకి పాలపుంత నడిబొడ్డు దక్షిణం దాటి నైరుతికి వాలుతూ 12 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, రెండు గంటల్లో అస్తమిస్తుంది. తొమ్మిదిన్నరకల్లా సర్దేసుకుని పడుకోవచ్చు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పార్కు ఉన్నది దాదాపు 43.8 ఉత్తర అక్షాంశం మీద. నడిబొడ్డు ఎంత పైకొచ్చినా 17 డిగ్రీలే. హైదరాబాదులో అదే 43 డిగ్రీల దాకా ఎక్కుతుంది. అక్కడ చూసిన అలవాటుతో ఎత్తయిన దిబ్బకి ఉత్తరం వైపు దగ్గరగా నిలబడితే దిబ్బ వెనక పాలపుంత మాయం. దిబ్బకి దూరంగా జరగాలి, లేదా గట్టు మీంచి దక్షిణంగా తెరిచిన లోయ వైపు తిరగాలి. 17 డిగ్రీలంటే చెయ్యి చాచి పిడికిలి పట్టి, దాని మీద ఇంకో పిడికిలి పెట్టినంత కన్నా కాస్త తక్కువ. పగలే వెళ్ళి పిడికిళ్ళతో కొలుచుకుని ట్రైపాడ్ చోటు గుర్తుపెట్టుకోండి.

చంద్రుడు: నడిబొడ్డు కోసమైతే అమావాస్యకి అటూ ఇటూ మూడు నాలుగు రోజులు. పావు వంతు లోపు నెలవంక ఉంటే భయపడక్కర్లేదు. ఆ బూడిదరంగు మట్టి కొద్ది వెలుగుకే మెరుస్తుంది, ముందుభాగం దానంతటదే వెలిగిపోతుంది. బ్యాచ్ తేదీలకి చంద్రుడు ఎంత ఉంటాడో చూడకుండా కట్టకండి.

మీ 16-35 ఎఫ్/4తో తీయొచ్చు: 16 దగ్గర 15 సెకన్లు, ఐఎస్‌ఓ 6400. 500ని ఫోకల్ లెంగ్త్‌తో భాగించే లెక్క ప్రకారం 31 సెకన్లు వస్తుంది గానీ 33 మెగాపిక్సెళ్ళ మీద అంతసేపు పెడితే చుక్కలు గీతలవుతాయి. ఒక 20 ఎఫ్/1.8 అద్దెకు తెచ్చుకుంటే ఐఎస్‌ఓ 3200, 10 సెకన్లతో సరిపోతుంది. ముందుభాగాన్ని అస్తమయమైన 25 నిమిషాలకి, నీలివెలుగులో తక్కువ ఐఎస్‌ఓతో తీసి, ట్రైపాడ్ కదపకుండా చీకటిదాకా ఆగి ఆకాశం తియ్యండి. సెప్టెంబరులో ఆ ఆగడం గంటా పావు, జూన్‌లో దాదాపు రెండు గంటలు.

లెన్సుపిచ్చి

సెప్టెంబరే అనుకుంటున్నాను. గాలి ఎక్కువని విన్నాను, ట్రైపాడ్‌కి బ్యాగు వేలాడదీస్తే చాలా?

మూడుకాళ్ళు

వేలాడదీస్తే ఇంకా చెడుతుంది. ఆ గాలికి బ్యాగు లోలకంలా ఊగి ట్రైపాడ్‌ని కూడా ఊపుతుంది. పట్టీ పొడుగు చేసి బ్యాగు అడుగు నేలకి ఆనేలా పెట్టండి, బరువులో సగం నేల మీద ఉండాలి. నడిమి కాడ ఎత్తొద్దు. కెమెరా మెడపట్టీ తీసేయండి, అది టపటపా కొట్టుకుంటే 1 సెకను షాట్ పాడవుతుంది.

కాళ్ళు చాచేటప్పుడు అన్నిటికన్నా సన్నటి కింది గొట్టం ముందు తియ్యండి. మామూలుగా లావుపాటి పైవాటితో మొదలుపెట్టమంటారు. ఇక్కడ మాత్రం కింది బిగింపు నేలకి జానెడు పైన ఉండాలి, మట్టిలో దిగకూడదు. ఆ మట్టి మర లోపలికి పోతే ఎండాక గరగరమంటుంది, రెండో రోజుకి బిగుసుకుపోతుంది. పోయిందా, రాత్రి గదిలో విప్పి మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. నూనె వెయ్యకండి, దుమ్ము ఇంకా పడుతుంది.

చుక్కలలెక్క గారితో లెన్సు దగ్గర తేడా. ఒక్కటే అద్దెకు తెస్తే 100-400 తెండి. వైడ్‌లో ఆ దిబ్బలన్నీ చిన్న పుట్టల్లా కనిపిస్తాయి, ముందు ఏదో ఒకటి బలంగా లేకపోతే ఫ్రేము ఖాళీ. 200-300 దగ్గర గట్టు వెనక గట్టు పేర్చినట్టు వస్తుంది, పక్కనుంచి పడే ఎండకి ప్రతి మడతా తేలుతుంది. పదింటి తర్వాత మాత్రం వేడిగాలి అలలు లేచి టెలీలో అంచులు కరిగినట్టుంటాయి. అది లెన్సు తప్పు కాదు.

వైడ్‌లో తీసినప్పుడు 16 మి.మీ., ఎఫ్/11, ఫోకస్ 0.8 మీటర్ల దగ్గర పెడితే 40 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా వాడిగా ఉంటుంది. 24 దగ్గర అదే 1.8 మీటర్లు. పగుళ్ళిచ్చిన మట్టి పలకలు ముందు పెట్టుకునే షాట్‌కి ఇది చాలు, ఫోకస్ స్టాకింగ్ (వేర్వేరు ఫోకస్‌లతో తీసి కలపడం) అక్కర్లేదు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు, పసుపు దిబ్బల్ని కెమెరా తప్పనుకుని దిద్దేస్తుంది. 5500 కెల్విన్ దగ్గర కట్టేయండి. పోలరైజర్ ఫిల్టరు తడిమట్టి మీద మెరుపు తీయడానికి బాగా పనికొస్తుంది గానీ 16 దగ్గర ఆకాశంలో నల్లటి మచ్చ పడుతుంది. సూర్యాస్తమయంలో ఎరుపు ఛానల్ హిస్టోగ్రామ్ (వెలుగు గ్రాఫు) విడిగా చూడండి, మొత్తం బాగానే ఉన్నట్టు చూపిస్తూ అదొక్కటే అంచు దాటేస్తుంది.

గడ్డిపరక

అందరూ దిబ్బల గురించే. ప్రెయిరీని, అంటే గడ్డిమైదానాన్ని అడిగేవాళ్ళే లేరు! జూన్‌ని అంత తేలిగ్గా కొట్టేయకండి. పచ్చగడ్డి, వెనక ఉరుముల మబ్బు కావాలంటే జూనే. సెప్టెంబరులో గడ్డి ఎండి గోధుమరంగుకి తిరుగుతుంది, అదీ అందమే, కాకపోతే మబ్బులు నమ్మకం లేదు.

గడ్డి తీసేటప్పుడు గాలికి షట్టర్ 1/15 నుంచి 1/60 మధ్య పెడితే కదలిక చెయ్యి వణికినట్టు కనిపిస్తుంది. 1/250 కన్నా వేగంగా పెట్టి కదలికని ఆపేయండి, లేదా అర సెకను నుంచి ఒక సెకను పెట్టి పారనివ్వండి. కెమెరా నేలకి దించితే గడ్డి గోడలా అడ్డొస్తుంది. కంటి ఎత్తుకి పైనే పెట్టి, మబ్బు నీడ పట్టీలుగా జరిగేదాకా ఓపిక పట్టండి. గడ్డి, దిబ్బలు ఒకే ఫ్రేములో కావాలంటే కాసిల్ ట్రైల్, చదునుగా ఉంటుంది కాబట్టి మోకాలికీ హాయి.

సేజ్ క్రీక్ వైపు బైసన్‌లుంటాయి. 100 గజాల దూరం నియమం. 400 మి.మీ. లో ఆ దూరాన ఫ్రేము వెడల్పు 8 మీటర్లే, బైసన్ మూడో వంతు నింపేస్తుంది, ఇంకా దగ్గరికెళ్ళే పనే లేదు. తోక పైకెత్తిందంటే కారెక్కండి. గడ్డిలో కూర్చునేముందు నాగజెముడు ముళ్ళు, ప్రెయిరీ ర్యాటిల్‌స్నేక్ చూసుకోండి. శిలాజం కనిపిస్తే ముట్టుకోకుండా ఫొటో, జీపీఎస్ తీసి రేంజర్లకి చెప్పండి. 2010లో విజిటర్ సెంటర్ పక్కనే ఏడేళ్ళ పిల్లకి సేబర్ టూత్ పిల్లి పుర్రె కనిపించింది. డ్రోన్ తేవద్దు, నేషనల్ పార్కుల్లో నిషేధం.

లెన్సుపిచ్చి

చాలా థాంక్స్ అండి. 100-400, 20 ఎఫ్/1.8 రెండూ అద్దెకు చూస్తాను. తిండి, బూట్ల సంగతి ఒక్కటి చెప్పండి.

రేగడిమట్టి

తిండికి వాల్ అనే ఊళ్ళో సరుకులు కొనుక్కుని చిన్న కూలర్‌లో పెట్టుకోండి. తెల్లారి షూట్‌కి వెళ్ళే వేళకి తెరిచి ఉన్న హోటల్ వెతుక్కునే బాధ ఉండదు. చపాతీలు, పులిహోర ఒక రోజుకి చాలు, తర్వాత బ్రెడ్డు, వేరుశెనగ వెన్న. నీళ్ళు రోజుకి మనిషికి ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్లు. వాగుల్లో నీళ్ళు ఫిల్టరుకి కూడా లొంగవు, ఆ బురద ఫిల్టరునే మూసేస్తుంది.

బూట్లు చీలమండ దాకా ఉన్నవి, అడుగు గాళ్ళు మరీ లోతు లేనివి. మట్టి అంటుకుంటే తడిగా ఉండగా గీకకండి, ఇంకా పాముకుంటుంది. కారులో పాత పేపరు పరిచి ఆరనివ్వండి. తెల్లారి ఒకదానికొకటి కొడితే పెంకులా ఊడిపోతుంది.