సీప్యాప్ మాస్క్ అర్ధరాత్రి తీసేస్తున్నారు: కనిష్ఠ ప్రెజర్ ఇంట్లో మనమే పెంచొచ్చా?

గుంటూరు_కోడలు
మా మావయ్యగారికి 67 ఏళ్ళు. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు (స్లీప్ ఆప్నియా). స్లీప్ స్టడీలో ఏహెచ్‌ఐ (గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, తగ్గింది అన్న లెక్క) 41 వచ్చింది. ఆక్సిజన్ 74 శాతం దాకా పడింది. రెస్‌మెడ్ కంపెనీ ఆటో సీప్యాప్ మిషన్ కొన్నాం, అంటే మాస్క్ గుండా ఒత్తిడితో గాలి పంపి గొంతు తెరిచి ఉంచేది, ప్రెజర్ తనే మార్చుకునేది. డీలర్ పెట్టి వెళ్ళిన సెట్టింగులు ఇవీ: ప్రెజర్ 4 నుంచి 20 (నీటి సెంటీమీటర్లలో), ర్యాంప్ (మొదట తక్కువ ప్రెజర్‌తో నడిచే సమయం) 45 నిమిషాలు, ఈపీఆర్ (ఊపిరి వదిలేటప్పుడు ప్రెజర్ తగ్గించేది) 3, ముక్కూ నోరూ కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ మీడియం, హ్యూమిడిఫయర్ (గాలికి తేమ కలిపే నీళ్ళ డబ్బా) 4. పడుకోగానే «గాలి చాలడం లేదు» అంటారు. ఎలాగో నిద్రపోతారు. ఒంటిగంట ప్రాంతంలో మాస్క్ తీసి పక్కన పడేస్తారు, తీసిన సంగతి పొద్దున ఆయనకే తెలియదు. మిషన్ రిపోర్టులో సగటు వాడకం 2 గంటల 10 నిమిషాలు, మాస్క్ ఉన్నంతసేపు ఏహెచ్‌ఐ 9, 95 శాతం ప్రెజర్ (నూటికి 95 వంతుల సమయం ఇంతకు మించనిది) 13.1, మాస్క్ లీకు నిమిషానికి 42 లీటర్లు. కనిష్ఠం 4 నుంచి 7కి పెంచమని ఒకరు, డాక్టర్ చెప్పకుండా ముట్టుకోవద్దని ఇంకొకరు. ఏం చెయ్యమంటారు?

సీతారామ్_కె
పెంచండి. పెద్దమనిషికి 4 అంటే దాదాపు గాలి లేనట్టే. మాస్క్ ముందున్న సన్న రంధ్రాల గుండా వదిలిన ఊపిరి బయటికి పోవాలంటే లోపల తగినంత ప్రెజర్ ఉండాలి. 4 దగ్గర ఆ ప్రవాహం చాలా తక్కువ, పైగా ఫుల్ ఫేస్ మాస్క్‌లో ఖాళీ జాగా ఎక్కువ. ఆయనకి ఊపిరాడనట్టు అనిపించడం భ్రమ కాదు.

ఆ 45 నిమిషాల ర్యాంప్ ఇంకా అన్యాయం. ఆయన పావుగంటలో నిద్రపోయారనుకోండి, మిగతా అరగంటా ప్రెజర్ ఆ 4 దగ్గరే ఉంటుంది, గొంతు మూసుకుపోతున్నా మిషన్ స్పందించదు. ర్యాంప్‌ని ఆటోలో పెట్టండి. నిద్ర పట్టినట్టు కనిపెట్టాకే పని మొదలుపెడుతుంది, లేదంటే 30 నిమిషాలకి.

అసలు విషయం ఈపీఆర్. 3 అంటే ఊపిరి వదిలేటప్పుడు ప్రెజర్ 3 సెంటీమీటర్లు తగ్గాలి. కానీ మిషన్ 4 కిందికి దిగలేదు. కనిష్ఠం 4 దగ్గర ఉన్నంతసేపు ఆ ఈపీఆర్ ఉన్నా లేనట్టే. 7 పెడితేనే 7 పీల్చుకుని 4కి వదులుతారు. అప్పుడు మాస్క్ పెట్టుకున్న మొదటి నిమిషమే తేడా తెలుస్తుంది.

స్లీప్‌ల్యాబ్_విశాఖ
సీతారామ్ గారూ, ఈపీఆర్ గురించి మీరు రాసింది నిజమే. కానీ లీకు 42 అన్న అంకెని దాటేసి వెళ్ళిపోయారు. ఈ కంపెనీ మిషన్లలో నిమిషానికి 24 లీటర్లు దాటితే లీకు ఎక్కువైనట్టు. అంత లీకులో మిషన్ ఊపిరి ఆకారాన్ని సరిగా చదవలేదు, కాబట్టి ఆ 9ని, ఆ 13.1ని నమ్మడానికి లేదు. తప్పు అంకెల మీద ప్రెజర్ పెంచితే లీకు ఇంకా పెరుగుతుంది, కళ్ళలోకి గాలి కొడుతుంది, ఒంటిగంటకి తీసే మాస్క్ పన్నెండింటికే తీస్తారు.

ముందు మాస్క్ చూడండి. కూర్చోబెట్టి కాదు, పడుకోబెట్టి, ఆయన ఎటు తిరిగి పడుకుంటారో అటు తిప్పి, మిషన్‌లో «మాస్క్ ఫిట్» ఆన్ చేసి. కుషన్‌కి లోపల పలచటి సిలికాన్ పొర ఉంటుంది. అది గాలికి ఉబ్బి ముఖానికి అంటుకోవాలి. చాలామంది పట్టీలు బిగించి బిగించి ఆ పొరని నలిపేస్తారు, బిగించిన కొద్దీ లీకు పెరుగుతుంది. అన్ని పట్టీలూ వదులు చేసి, గాలి వస్తుండగా మాస్క్‌ని కొంచెం ముందుకి లాగి వదిలితే పొర విచ్చుకుంటుంది. ఆ తర్వాత పట్టీలు రెండు పక్కలా సమానంగా.

విజయభాస్కర్
హ్యూమిడిఫయర్‌లో ఏ నీళ్ళు పోస్తున్నారో ఎవరూ అడగలేదు. ముక్కు ఎండితే నోరు తెరుచుకుంటుంది, నోరు తెరుచుకుంటే లీకు. బ్యాటరీ నీళ్ళు పోయండి, బంకుల్లో దొరుకుతాయి, చవక.

స్లీప్‌ల్యాబ్_విశాఖ
బ్యాటరీ నీళ్ళు వద్దండి. వాటిలో ఖనిజాలు తీసేస్తారు తప్ప, మనిషి పీల్చే గాలి దారిలో పెట్టడానికి చేసినవి కావు, సీసా శుభ్రతకీ హామీ లేదు. మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ మేలు. లేదంటే కాచి చల్లార్చిన ఆర్‌ఓ నీళ్ళు. తెల్లపొర పడుతుంది గానీ ప్రమాదం లేదు.

విజయభాస్కర్
నీళ్ళు మరిగి ఆవిరి మాత్రమే పైకి వెళ్తుంది. ఖనిజాలైనా మలినాలైనా డబ్బా అడుగునే ఉండిపోతాయి. అలాంటప్పుడు ఏ నీళ్ళయితే ఏమిటి?

స్లీప్‌ల్యాబ్_విశాఖ
మరగవండి, గోరువెచ్చగా అవుతాయంతే. తుంపరలు లేవవు కాబట్టి ఖనిజాలు అడుగునే ఉండిపోతాయి, అంతవరకూ నిజం. అయితే ఆ గోరువెచ్చని డబ్బాలో నిన్నటి నీళ్ళు అలాగే ఉంచితే జిగురు పడుతుంది. నీళ్ళు ఏవైనా సరే, పొద్దున పారబోసి, డబ్బా కడిగి, బోర్లించి ఆరబెట్టాలి. పొర పడితే ఒక వంతు తెల్ల వెనిగర్, పది వంతుల నీళ్ళు.

సీతారామ్_కె
నీళ్ళ సంగతి తర్వాత. లీకు ముందా, ప్రెజర్ ముందా అన్నదే ప్రశ్న. కనిష్ఠం 4 దగ్గర ఉంటే గొంతు మూసుకుపోతుంది, మిషన్ వెంటపడి 6, 8, 10, 13 అంటూ ఎక్కుతుంది. 13 దగ్గర ఏ మాస్క్‌కైనా పరీక్షే. తెల్లవారుజామున కలల నిద్ర ఎక్కువయ్యే కొద్దీ ఈ పరుగు ఇంకా పెరుగుతుంది. ముందునుంచే 7 దగ్గర ఉంటే గొంతు తెరిచే ఉంటుంది, అంత ఎత్తుకి పరిగెత్తాల్సిన పనే తగ్గుతుంది. లీకుకి కారణం పరుగు, పరుగుకి కారణం ఆ 4.

చందు_డల్లాస్
ఇక్కడ ఇన్సూరెన్స్ కోసం 30 రోజుల్లో 70 శాతం రాత్రులు, రాత్రికి 4 గంటలు చూపించాలి. ఆ భయంతోనైనా మొదటి నెలలోనే సరఫరాదారు ఫోన్ చేసి సెట్టింగు మారుస్తాడు. అక్కడ ఎవరు చూస్తున్నారు?

మల్లిక_ఆర్
ఓజోన్ పెట్టె కొంటే కడిగే పని తప్పుతుందట కదా?

స్లీప్‌ల్యాబ్_విశాఖ
కొనకండి మల్లిక గారూ. 2021 జూన్‌లో ఫిలిప్స్ తన మిషన్లని వెనక్కి పిలిచింది, శబ్దం తగ్గించే ఫోమ్ పొడిపొడిగా రాలుతోందని. ఓజోన్‌తో శుభ్రం చేస్తే అది ఇంకా త్వరగా పాడవుతుందని కంపెనీయే చెప్పింది. కుషన్ రోజూ గోరువెచ్చని నీళ్ళు, ఘాటు లేని సబ్బు. ట్యూబ్ వారానికోసారి. ఫిల్టర్ కడగకూడదు, మార్చాలి. మన దుమ్ముకి నెలకోసారి తీసి చూడండి, బూడిద రంగుకి తిరిగితే మార్చేయండి.

సీతారామ్ గారికి: ఆయనకి గుండె పరిస్థితి ఏమిటి, ఊపిరితిత్తుల జబ్బు ఉందా, ఏవీ తెలియకుండా 7 పెట్టమంటున్నారు. ప్రెజర్ పెరిగితే కొందరిలో సెంట్రల్ ఆప్నియాలు మొదలవుతాయి. అంటే దారి తెరిచే ఉంటుంది, ఊపిరి తీసుకోమన్న సంకేతమే రాదు. బరువు ఎక్కువై, పగలు కూడా కార్బన్ డయాక్సైడ్ పేరుకునే వాళ్ళకి సీప్యాప్ చాలకపోవచ్చు, పీల్చేటప్పుడు ఒక ప్రెజర్, వదిలేటప్పుడు ఒకటి ఇచ్చే బైప్యాప్ కావాలి. ఇవన్నీ ఫోన్‌లో అంకెలు చూసి తేల్చేవి కావు.

సీతారామ్_కె
మీరు భయపెట్టి ఆపేస్తున్నారు. ఇప్పుడు ఉన్నదేమిటి, 4 నుంచి 20. మిషన్ ఇప్పటికే 13 దాకా తనంతట తానే వెళ్తోంది! 7 వల్ల సెంట్రల్స్ వస్తాయని భయపడేవాళ్ళు 20 దాకా తలుపు తెరిచిపెట్టిన వాళ్ళని ఏమీ అనరా? ఆ 4–20 ఏ డాక్టర్ రాశాడు? పెట్టె విప్పినప్పుడు ఉండే సెట్టింగు అది. డీలర్ ప్లగ్ పెట్టి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

మా ఇంట్లో మిషన్ మెమరీ కార్డు పట్టుకుని వెళితే డేటా చదవడానికే డబ్బులడిగారు, చదివి «బానే ఉంది» అన్నారు. లీకు ఎంతో కూడా చెప్పలేదు. అందుకే ఆ డేటా చదివే ఆస్కార్ అనే ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో వేసుకున్నాను. ఉచితం. కార్డు పక్కనున్న చిన్న మీట లాక్ వైపుకి జరిపి కంప్యూటర్‌లో పెట్టండి, లేకపోతే కంప్యూటర్ దాని మీద ఏదో రాసి మిషన్‌ని గందరగోళపెడుతుంది. ఏ నిమిషంలో ఏం జరిగిందో గీత గీసి చూపిస్తుంది.

తాతారావు_బందరు
ఇన్వర్టర్ ఉందా? కరెంటు పోయి వచ్చిన వేళకే మాస్క్ తీస్తున్నారేమో చూడండి. వాడకం గ్రాఫ్ అక్కడే తెగి ఉంటే కారణం అదే. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌తో అడాప్టర్ వేడెక్కుతుంది, ప్యూర్ సైన్ వేవ్ ఉండాలి. హ్యూమిడిఫయర్ ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. మిషన్ ఆగిపోయినా ఫుల్ ఫేస్ మాస్క్‌కి ఉండే వాల్వ్ తెరుచుకుంటుంది, ఊపిరి ఆగదు.

స్లీప్‌ల్యాబ్_విశాఖ
సీతారామ్ గారూ, మీకు ఆ డీలర్ మీద ఉన్న కోపం ల్యాబ్‌లో పనిచేసే మా మీద తీర్చుకోకండి. 20 సరైందని నేనెక్కడ అన్నాను? గరిష్ఠం తాత్కాలికంగా 14కి దించి, లీకు సరిచేసి, వారం డేటా చూసి అప్పుడు కనిష్ఠం తేల్చమంటాను.

సీతారామ్_కె
> గరిష్ఠం తాత్కాలికంగా 14కి దించి

ఇది ప్రెజర్ మార్చడం కాదా? దించితే సలహా, పెంచితే నేరమా? మీరు దించమంటే వైద్యం, ఇంట్లోవాళ్ళు 3 సెంటీమీటర్లు పెంచితే సాహసం. అసలు మీ అభ్యంతరం 7 మీద కాదు, చేసేది ఎవరన్న దాని మీద.

స్లీప్‌ల్యాబ్_విశాఖ
అవును, ఎవరన్న దాని మీదే. దాచాల్సిన పని లేదు. ర్యాంప్, తేమ, ట్యూబ్ వేడి: ఇవి సౌకర్యానివి, ఎవరైనా మార్చుకోవచ్చు, అందుకే రోగి మెనూలో పెట్టారు. కనిష్ఠ, గరిష్ఠ ప్రెజర్లు మందు మోతాదు లాంటివి, అందుకే విడిగా క్లినికల్ మెనూలో దాచారు. మీరు డేటా చదవగలరు. మీ పోస్టు చూసి రేపు ఇంకొకరు 7 బదులు 12 పెట్టి, కడుపు గాలితో ఉబ్బిపోయి, మిషన్ అటక మీద పెడతారు. అలా పక్కన పెట్టేసిన మిషన్లు ఎన్ని చూశానో నాకు తెలుసు.

సీతారామ్_కె
నా దృష్టిలో కనిష్ఠ ప్రెజర్ సౌకర్యమే. ఊపిరాడక మాస్క్ పీకేసే మనిషికి అంతకంటే సౌకర్యం ఏముంది? చూసే డాక్టర్ ఉంటే నేను కూడా డాక్టర్ దగ్గరికే పంపుతాను. రిపోర్టు తెరిచి చూసేవాళ్ళే లేనప్పుడు «డాక్టర్ చెప్పకుండా ముట్టుకోవద్దు» అంటే, ముట్టుకోకుండా అటక మీద పెట్టమని అర్థం. 4తో అటకెక్కిన మిషన్లు కూడా మీరు చూసే ఉంటారు.

స్లీప్‌ల్యాబ్_విశాఖ
చూశాను. ఆ మాట కాదనను.

గుంటూరు కోడలు గారూ, మీరు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏహెచ్‌ఐ 9లో సెంట్రల్ ఎంత? గుండె జబ్బు, పక్షవాతం, ఆయాసం ఉన్నాయా? మావయ్యగారికి మీసం ఉందా? రాత్రి కట్టుడు పళ్ళు తీసేస్తారా? తలకి నూనె రాసుకుని పడుకుంటారా?

గుంటూరు_కోడలు
సెంట్రల్ 1, అబ్‌స్ట్రక్టివ్ (గొంతు మూసుకుపోయి ఆగినవి) 5, హైపాప్నియా (ఊపిరి ఆగకుండా తగ్గినవి) 3. బీపీ మాత్రమే, గుండె ఎకో మామూలుగా వచ్చింది. మీసం ఉంది, పెద్దది కాదు. పైన, కింద కట్టుడు పళ్ళే, రాత్రి తీసి గిన్నెలో వేస్తారు. తలకి కొబ్బరినూనె రోజూ. మాస్క్ సైజు డీలర్ పగలు, కుర్చీలో కూర్చోబెట్టి చూశాడు. పళ్ళు పెట్టుకునే ఉన్నారు.

స్లీప్‌ల్యాబ్_విశాఖ
లీకు అక్కడే ఉంది. పళ్ళు తీస్తే గడ్డం నుంచి ముక్కు దూలం దాకా ఎత్తు తగ్గుతుంది, చెంపలు లోపలికి పోతాయి. పళ్ళతో సరిపోయిన మీడియం కుషన్ అడుగుభాగం గాల్లో తేలుతుంది. పళ్ళు తీసేసి, పడుకోబెట్టి, స్మాల్ పెట్టి చూడండి. కుషన్ అడుగు కింది పెదవి, గడ్డం మధ్య ఉన్న గుంటలో కూర్చోవాలి. ముక్కు తెరిచి ఉంటే ముక్కు మాస్క్ కూడా ప్రయత్నించవచ్చు. అది నోటిని వదిలేస్తుంది కాబట్టి పళ్ళతో గొడవ తక్కువ, ప్రెజర్ కూడా తరచు తక్కువే సరిపోతుంది. నోటి నుంచి గాలి పోతే అప్పుడు మళ్ళీ ఆలోచిద్దాం. నోటికి టేపు మాత్రం వెయ్యకండి, వాంతి వచ్చినా ముక్కు మూసుకున్నా ప్రమాదం.

నూనె పొద్దున రాయండి. రాత్రి రాస్తే కుషన్ జారుతుంది, పట్టీల సాగుడు పోతుంది. మాస్క్ పెట్టేముందు సబ్బుతో ముఖం కడిగి తుడవాలి.

సీతారామ్_కె
పళ్ళ సంగతి నాకు తట్టలేదు, మంచి ప్రశ్న. కుషన్ మార్చండి. ర్యాంప్ ఆటో ఇవాళే పెట్టండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని వారే అన్నారు. కానీ కుషన్ మార్చినంత మాత్రాన 4 దగ్గర గాలి చాలదన్న మాట పోదు. పడుకోగానే అంటున్నారు, లీకు రాకముందే. సెంట్రల్ 1 మాత్రమే, ఎకో మామూలు. ఇంకా దేనికి ఆగాలి?

విజయభాస్కర్
పళ్ళు వేసే గిన్నెలో నీళ్ళు మాత్రం రోజూ మార్చండి.

గుంటూరు_కోడలు
రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. స్టడీ రాసిన డాక్టర్‌కి గ్రాఫు ఫొటోలు, పళ్ళ సంగతి, మీ ఇద్దరి వాదనలూ క్లుప్తంగా వాట్సాప్‌లో పంపాను. ఆ రాత్రే జవాబు వచ్చింది: కనిష్ఠం 6, గరిష్ఠం 15, ఈపీఆర్ 2, వారం తర్వాత మళ్ళీ పంపండి అని. స్మాల్ కుషన్ తెప్పించాం. నిన్న లీకు 19, వాడకం 4 గంటల 40 నిమిషాలు. ట్యూబ్‌లో నీటి చుక్కలు చేరి గలగలమంటోంది, దానికేం చెయ్యాలి?

స్లీప్‌ల్యాబ్_విశాఖ
ఏసీ గది అయి ఉంటుంది, ట్యూబ్ చల్లబడి ఆవిరి నీరవుతోంది. హ్యూమిడిఫయర్ 4 నుంచి 3కి దించండి, ట్యూబ్‌కి గుడ్డ తొడుగు వెయ్యండి. మిషన్ మంచం కంటే కిందుగా ఉండాలి, చేరిన నీళ్ళు మాస్క్ వైపు కాకుండా డబ్బాలోకి జారతాయి.

సీతారామ్_కె
6 లోంచి 2 పోతే 4. డాక్టర్ గారు లెక్క సరిగ్గా కట్టారు. వారం డేటాలో 95 శాతం ప్రెజర్ ఇంకా 12 పైనే ఉంటే కనిష్ఠం 7 గురించి మళ్ళీ అడగండి.

స్లీప్‌ల్యాబ్_విశాఖ
అడగండి, ఆయన్నే.