3 టన్నులు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి: బియ్యం గోడౌన్‌కి డీజిలా, బ్యాటరీనా?

గోడౌన్_లెక్కలు: మిర్యాలగూడ వైపు రైస్ మిల్లు. మూసిన గోడౌన్, బయట మట్టి యార్డు, మధ్యలో ర్యాంపు. రెండు షిఫ్టులు. ఏ బండి మేలు?

మాస్ట్‌చైన్: డీజిలే. ఐదు నిమిషాల్లో ట్యాంకు నిండుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ 8 గంటలు పనిచేస్తే 8 గంటలు ఛార్జింగు, మరో 8 గంటలు చల్లారడం. రెండో షిఫ్టుకు రెండో బ్యాటరీ, దాన్ని ఎత్తి మార్చడానికి హాయిస్టు. వానలో, గుంతల్లో, లోడుతో ర్యాంపు ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది.

చల్లగాలి: "మూసిన గోడౌన్" అన్నారు, చదివారా? డీజిల్ పొగలో మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. బస్తాలకు వాసన పడుతుంది.

మాస్ట్‌చైన్: నల్లపొగ వచ్చిందంటే బండిని సరిగా చూసుకోవట్లేదని. ఊక దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే గాలి చాలక డీజిల్ పూర్తిగా కాలదు. డీజిల్ చిమ్మే నాజిల్ పాడైనా అంతే. మిల్లులో ఫిల్టర్ రోజూ చూడాలి, ఇంజనాయిల్ 250 గంటలకు మార్చాలి. రేడియేటర్ రెక్కల్లో ఊక పేరుకుంటే ఇంజన్ వేడెక్కుతుంది. ఫ్యాన్ గాలి వెళ్లే దిక్కుకు ఎదురుగా ఎయిర్ కొట్టాలి, లేకపోతే ఊక ఇంకా లోపలికి దిగుతుంది.

పాత_టైరు: ఎల్‌పీజీ పెట్టండి. పొగే ఉండదు.

చల్లగాలి: కంటికి కనపడదు, అంతే. మిక్స్చర్ రిచ్ అయితే, అంటే గాలి తక్కువై గ్యాస్ ఎక్కువైతే, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కక్కుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 8 గంటల సగటుకు 50 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 50) పరిమితి పెట్టింది. ఇంకోటి, వంట సిలిండర్ తగిలించొద్దు. అది చట్టవిరుద్ధం, పైగా వంట సిలిండర్ ఆవిరి ఇస్తుంది, ఈ బండ్లకు సాధారణంగా ద్రవం కావాలి.

మాస్ట్‌చైన్: నా 8 గంటల ప్రశ్నకి జవాబేదీ?

చల్లగాలి: లిథియం బ్యాటరీ. భోజనం వేళ, టీ వేళ ఛార్జింగ్ పెట్టొచ్చు. డిస్టిల్డ్ వాటర్ పోసే పని లేదు.

మాస్ట్‌చైన్: ధర కూడా చెప్పండి మరి!

చల్లగాలి: ధర మీకెందుకు కష్టమో అందరికీ తెలుసు. మీరు బండి గంటల లెక్కన అద్దెకిచ్చే కాంట్రాక్టరు. డీజిల్ బిల్లు మిల్లుది, పొగ హమాలీలది. బ్యాటరీ అయితే పెట్టుబడి మీది. అసలు గొడవ అదే.

మాస్ట్‌చైన్: అవును, అదే! 11 నెలల అగ్రిమెంటు రాసిచ్చి లిథియం బండి తెమ్మంటే ఎవడు తెస్తాడు? పోయినేడు ఒక మిల్లు సగంలో తీసేసింది, డిపాజిట్ ఇప్పటికీ రాలేదు. మూడేళ్లు రాసివ్వండి, కరెంటు లోడు పెంచండి, ఛార్జింగ్‌కి గది ఇవ్వండి. రేపే తెస్తా.

గోడౌన్_లెక్కలు: గది అంటే ఎక్కడ? తవుడు పక్కన ఖాళీ ఉంది.

చల్లగాలి: అక్కడ వద్దు. తవుడు దుమ్ముకు నిప్పు అంటుకుంటుంది. లెడ్ యాసిడ్ అయితే ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. విడి గది, పైకప్పు దగ్గర ఎగ్జాస్టు పెట్టండి.

మాస్ట్‌చైన్: ఆ గది ఖర్చు ఎవరిదో ముందు రాయించుకోండి.